ఆ లింక్‌ను మళ్లీ తెరవకండి

ప్రశ్న: ఒక వెబ్ డైరెక్టరీలో వలంటీర్ ఎడిటర్‌ని. జనం పంపే సైట్లు చూసి, పనికొచ్చేవి చేర్చడం నా పని. మొన్న 'ఫొటో ఆల్బమ్' అని రాసి పంపిన లింక్ తెరిస్తే, పిల్లల మీద లైంగిక హింస అనిపించే ఫొటోలు కనిపించాయి. వెంటనే మూసేశాను. రుజువుగా స్క్రీన్‌షాట్ తీసి తోటి ఎడిటర్లకు పంపనా? నన్నే అనుమానిస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మూసేసి మంచి పని చేశారు. స్క్రీన్‌షాట్ తీయకండి, నిజంగా అదేనా అని ఇంకోసారి తెరిచి చూడకండి. అలాంటి ఫొటో దగ్గర ఉంచుకోవడం, పంపడం చాలా దేశాల్లో నేరం, రుజువు కోసమే దాచానన్నా చట్టం వింటుందన్న భరోసా లేదు. అన్నిటికంటే ముందు, అందులో ఉన్నది ఒక పసిబిడ్డ. ఆ ఫొటో చేతులు మారిన ప్రతిసారీ ఆ బిడ్డకు మళ్లీ అన్యాయం జరుగుతుంది.

సైట్ పూర్తి అడ్రస్, చూసిన తేదీ, టైమ్, ఏం కనిపించిందో ఒక్క వాక్యం రాసిపెట్టుకుని అడ్మిన్‌కి మాత్రమే చెప్పండి, ఎందుకంటే ఎడిటర్ల గ్రూపులో పెడితే ఏంటో చూద్దామని పదిమంది నొక్కుతారు. ఆ సైట్‌ను చేర్చమని వచ్చిన రిక్వెస్ట్‌ను ఒప్పుకోకుండా పక్కన పెట్టండి కానీ డిలీట్ చేయకండి. అది ఎప్పుడు, ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ నంబర్) నుంచి వచ్చిందో తెలిపే రికార్డు ఉంటే దానితోనే ఉంటుంది, పోలీసులకు పనికొచ్చేదీ అదే. అసహ్యం కొద్దీ చాలామంది ముందుగా చెరిపేసేది కూడా దాన్నే!

అడ్మిన్ చూసుకుంటారులే అని ఆగక్కర్లేదు, మీరే ఫిర్యాదు చేయొచ్చు. బ్రిటన్‌లో 1996లో పెట్టిన ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్, అమెరికాలో 1998 నుంచి నడుస్తున్న సైబర్ టిప్‌లైన్ ఇందుకోసమే ఉన్నాయి. మిగతా దేశాల హాట్‌లైన్లు 1999లో మొదలైన ఇన్‌హోప్ అనే హాట్‌లైన్ల సంఘం సైట్‌లో దొరుకుతాయి. చాలాచోట్ల పేరు చెప్పకుండానే ఫిర్యాదు తీసుకుంటారు. అది నేరమా కాదా అని తేల్చాల్సింది మీరు కాదు, అనుమానం ఉంటే చాలు.

పైరసీ సైట్లకు, పాస్‌వర్డులు కాజేసే ఫిషింగ్ సైట్లకు ఇంత హడావుడి అక్కర్లేదు, చేర్చకుండా కారణం నోట్ చేస్తే సరిపోతుంది. మీకు నచ్చని అభిప్రాయాలున్న సైట్‌ను మాత్రం ఈ లెక్కలో వేయకండి. పాత లింకులు కూడా అప్పుడప్పుడు చూస్తుండండి, గడువు తీరిన డొమైన్‌ను (సైట్ పేరును) ఇంకెవరో కొని అదే అడ్రస్‌లో ఏదైనా పెట్టేయొచ్చు.

చూసింది కళ్ల ముందు నుంచి పోకపోతే, కొన్నాళ్లు ఆ విభాగం వేరేవాళ్లకు ఇవ్వమని అడగండి. వివరాల్లోకి వెళ్లకుండానే, బాగా దగ్గరివాళ్లు ఒకరికైనా చెప్పుకోండి.