దొర్లే స్థూపానికి ఘర్షణ ఎంత?

30 డిగ్రీల వాలు మీద జారకుండా దొర్లే ఘన స్థూపం లెక్కలో ఘర్షణ గుణకం 0.3 అని ఇచ్చారు. మీకు త్వరణం 2.35 మీ/సె² వచ్చింది, పుస్తకంలో 3.27 ఉంది. పుస్తకమే సరైనదండీ. మీరు ఘర్షణను 0.3 × అభిలంబ బలం (వాలు స్థూపాన్ని లంబంగా నెట్టే బలం) అని తీసుకున్నారు. అది జారే వస్తువుకు. ఇక్కడ వాలును తాకే బిందువు ఆ క్షణంలో నిశ్చలం, కాబట్టి ఉన్నది స్థైతిక ఘర్షణ, అంటే తాకే తలాలు ఒకదానిపై ఒకటి జారనప్పటి ఘర్షణ. దాని విలువను సమీకరణాలే తేల్చాలి, 0.3 × అభిలంబ బలం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే.

అక్షం చుట్టూ టార్క్ (తిప్పే ప్రభావం) రాయండి: ఘర్షణ × వ్యాసార్ధం = జడత్వ భ్రామకం × కోణీయ త్వరణం. జడత్వ భ్రామకం, అంటే తిరగడానికి వస్తువు చూపే జడత్వం, ½ × ద్రవ్యరాశి × వ్యాసార్ధ వర్గం. జారడం లేదు కాబట్టి కోణీయ త్వరణం = త్వరణం ÷ వ్యాసార్ధం. వ్యాసార్ధం కొట్టేస్తే, ఘర్షణ = ½ × ద్రవ్యరాశి × త్వరణం. దీన్ని వాలు వెంబడి రాసిన సమీకరణంలో (ద్రవ్యరాశి × 9.8 × సైన్ 30 − ఘర్షణ = ద్రవ్యరాశి × త్వరణం) పెట్టండి: త్వరణం = ⅔ × 9.8 × 0.5 = 3.27 మీ/సె².

జారకుండా ఉండటానికి టాన్ 30లో మూడో వంతు, అంటే 0.19 గుణకం చాలు. ఆ 0.3 మిమ్మల్ని పక్కదారి పట్టించడానికే ఇచ్చారని నా అనుమానం.