స్టువర్ట్, ఆలిస్ స్ప్రింగ్స్ ఒకే ఊరు

1920ల నాటి మ్యాపులో ఆస్ట్రేలియా ఎడారి నడుమ ‘స్టువర్ట్’ అని ఉందని, ఇప్పటి మ్యాపులో ఆ ఊరు దొరకడం లేదని అడిగారు కదా. టెన్షన్ పడకండి, మీరు వెతుకుతున్నది ఆలిస్ స్ప్రింగ్సే.

1871లో డార్విన్ దాకా టెలిగ్రాఫ్ లైను వేస్తున్నప్పుడు, సర్వేయర్ విలియం మిల్స్‌కి అక్కడి ఎండిన ఏటిలో నీళ్లు కనిపించాయి. పై అధికారి చార్లెస్ టాడ్. ఏటికి ఆయన పేరు, ఆ నీళ్లకి ఆయన భార్య ఆలిస్ పేరు పెట్టారు. నిజానికి అది ఊట కాదు. ఇసుక కింద గ్రానైట్ బండ ఉండటంతో ఇంకిపోకుండా నిలిచిన మడుగు, అంతే.

పక్కనే టెలిగ్రాఫ్ స్టేషన్ కట్టారు. ఊరు మాత్రం 1888లో, దానికి దాదాపు 4 కిలోమీటర్లు దక్షిణాన మొదలైంది. అన్వేషకుడు జాన్ మెక్‌డూవల్ స్టువర్ట్ పేరు పెట్టారు. స్టేషన్ ఒక పేరు, ఊరు ఇంకో పేరు కావడంతో జనం తికమకపడేవారు. చివరికి 1933లో ఊరి పేరే మార్చేశారు. అందుకే అంతకుముందు కాగితాల్లో ‘ఆలిస్ స్ప్రింగ్స్’ కనిపిస్తే, అది స్టేషనేమో చూసుకోండి.

అన్నట్టు, ఆ నేల అసలు వారసులైన అరండా ప్రజలు దాన్ని ఈ రెండు పేర్లకీ ఎంతో ముందు నుంచే ‘ఎంబార్న్‌ట్వా’ అంటారు. మీ నోట్సులో ఆ పేరు కూడా తప్పక రాసుకోండి.