రాజమండ్రి నుంచి రావులపాలెం: హైవే లేకుండా సైకిల్ రూటు

బ్రో, హైవేలో లారీల పక్కన తొక్కాలంటే భయంగా ఉంది, గోదావరి చూసుకుంటూ వెళ్లే దారి ఏదైనా ఉందా అన్నారు కదా, ఉంది. హైవే ఉండే వేమగిరి వైపు అసలు వెళ్లకండి, తెల్లారకముందే ధవళేశ్వరం వచ్చేసి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటండి. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసింది ఇక్కడే. బ్యారేజీ మీద కాసేపు ఆగండి, పొద్దు పొడిచేటప్పుడు నీళ్లు రాగి చెంబు రంగులో ఉంటాయి.

బొబ్బర్లంక దాటాక కాలవ గట్టు రోడ్డే, ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరి తోటలు, అరటి తోటలు, మధ్యలో లొల్ల లాకుల (కాలవ గేట్ల) దగ్గర నీళ్ల హోరు వినిపిస్తుంది, అక్కడ టీ తాగండి, పూతరేకుల ఊరు ఆత్రేయపురంలోనూ ఆగండి. బోర్లించిన కుండ మీద పిండి నీళ్లలో ముంచిన గుడ్డ అలా లాగితే క్షణంలో రేకు లేచొస్తుంది, ఆ పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్ (ఇది ఈ ఊరి సరుకే అనే గుర్తింపు) వచ్చింది. ఇంటికి కొనాలంటే వచ్చేటప్పుడు కొనండి, నేను వెళ్లేటప్పుడే కొని బ్యాగులో పొడి చేసుకున్నా 😅

రానూపోను 60 కిలోమీటర్ల పైనే, అంతా చదునే, గేర్లు లేని సైకిలైనా చాలు. కోతల టైంలో మాత్రం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, టైరు జారుద్ది, దిగి నడిపించండి. ఓపిక లేకపోతే మధ్యలోనే వెనక్కి తిరిగేయండి.