టికెట్ రేటు పెంచాం, గ్యాలరీ ఖాళీ అయింది

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరిలో ఒక చిన్న టౌను అండి. మా కబడ్డీ క్లబ్ ఏటా సంక్రాంతి అయ్యాక నాలుగు రాత్రులు ఫ్లడ్ లైట్ల కింద టోర్నమెంట్ పెడుతుంది. పోయినేడు దాకా టికెట్ 30 రూపాయలు. మ్యాట్ అద్దె, లైట్లు, ప్రైజ్ మనీ అన్నీ పెరిగాయని ఈసారి గ్యాలరీ 100, కుర్చీ 250 చేశాం. ఫైనల్ తప్ప మిగతా మూడు రాత్రులూ గ్యాలరీ సగం కూడా నిండలేదు. జనం ఫోన్లకి అలవాటు పడ్డారు, రేటు వల్ల కాదు అంటున్నారు కమిటీ పెద్దలు. మీరేమంటారు?
- ఒక క్లబ్ సెక్రటరీ

జవాబు: రేటు వల్లేనండి. ఫోన్లు పోయినేడు కూడా ఉన్నాయి కదా, అప్పుడు మరి గ్యాలరీ ఎలా నిండింది?

టికెట్ మీద 70 పెంచాం అంతేగా అని మీ లెక్క, కానీ సంక్రాంతి రోజుల్లో మనిషి ఒక్కడే రాడు. భార్య, ఇద్దరు పిల్లలతో వస్తే 120 అయ్యేది 400 అయింది, పైన పెట్రోలు, పార్కింగు, పిల్లలడిగే ఐస్‌క్రీము, మొత్తం కలిపి చూసుకుని ఈ డబ్బుతో సినిమాకే పోవచ్చు అనుకుంటారు. జర్మనీలో చాలా ఫుట్‌బాల్ క్లబ్బులు మ్యాచ్ టికెట్ మీదే ఆ రోజు బస్సు, ట్రామ్ ఎక్కనిస్తాయి, ఎందుకంటే ఇంటి నుంచి బయల్దేరి మళ్లీ ఇల్లు చేరేదాకా అయ్యేదంతా జనం ఖర్చు కిందే లెక్కేసుకుంటారని వాళ్లకి తెలుసు. ఈసారి మీరు గేటు దగ్గర ఒక గంట నిలబడి చూడండి. పిల్లల చేతులు పట్టుకుని వచ్చినాయన బోర్డు చూసి, జేబులో పెట్టిన చెయ్యి మళ్లీ తీసేసి, లోపల కూత వినిపిస్తుంటే ఫెన్సింగ్ బయట నుంచే పిల్లాణ్ణి భుజం మీదకెత్తి చూపిస్తాడు. మీరు పోగొట్టుకున్నది ఆయన్నే.

ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ సిటీ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉంది, పాత ఉన్ని మిల్లుల ఊరిది. 2001 దాకా అక్కడి అన్నిటికన్నా పై డివిజన్ ప్రీమియర్ లీగ్‌లో ఆడి, దిగజారి దిగజారి 2007కి నాలుగో డివిజన్‌లో పడింది, స్టేడియం చూస్తే 25 వేల మంది పట్టేది. మామూలుగా అయితే వచ్చే కొద్దిమంది దగ్గరే ఎక్కువ గుంజుదాం అనిపిస్తుంది. వీళ్లు ఉల్టా చేశారు, సీజన్ మొత్తానికి టికెట్ 138 పౌండ్లకి దించారు. ఆ ఏడాది మ్యాచ్‌కి సగటున 13 వేల మందికి పైగా వచ్చారు, ఆ డివిజన్‌లో ఇంకే క్లబ్బుకీ అంత జనం లేరు. 2015లో మూడో డివిజన్‌లో ఉన్నప్పుడు కూడా 149 పౌండ్లే పెట్టారు, 23 హోమ్ మ్యాచులకి పంచితే మ్యాచ్‌కి ఆరున్నర పౌండ్లు, సీజన్ టికెట్లు 18 వేల దాకా అమ్ముడుపోయాయి.

అలాగని చవక చేస్తే చాలు జనం విరగబడతారని నేననను, వచ్చే అలవాటు కూడా ఉండాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్ 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టింది, అయినా ఆ తర్వాత వాళ్ల మ్యాచులకి గచ్చిబౌలి స్టేడియం నిండింది అరుదుగానే. కోవిడ్ వల్ల అంతకుముందు రెండు సీజన్లూ గోవాలోనే ఆడారు, అంటే టీమ్ బాగా ఆడుతున్న రోజుల్లో సొంతూరి జనానికి స్టేడియంకి వెళ్లే అలవాటే పడలేదు. మీ ఊళ్లో ఆ అలవాటు ఏళ్ల తరబడి ఉంది, అది నాలుగు రాత్రుల కలెక్షన్ కన్నా చాలా విలువైంది, దయచేసి దాన్ని పోగొట్టుకోకండి.

డబ్బు కావాలి నిజమే, కానీ మీలాంటి క్లబ్బుకి డబ్బంతా గేటు దగ్గరే రానక్కర్లేదు. గ్యాలరీ నిండితే బజ్జీల స్టాల్ అద్దె పెరుగుద్ది, బట్టల షాపాయన బ్యానర్‌కి అడిగినంత ఇస్తాడు, ఖాళీ గ్యాలరీ ఫొటో చూపించి వచ్చే ఏడాది స్పాన్సర్‌ని అడగగలరా? కుర్చీ 250 ఉంచండి, ఇవ్వగలిగినవాళ్లు ఇస్తారు. గ్యాలరీ మాత్రం మొదటి మూడు రాత్రులు 40, ఫైనల్ 80 చేయండి, పెద్దవాళ్లతో వచ్చే పన్నెండేళ్ల లోపు పిల్లలకి టికెట్ వద్దు. కమిటీ వాళ్లు పంచే ఫ్రీ పాసులు బాగా తగ్గించాలి, ఆ పాసులు తీసుకున్నవాళ్లు రారు, టీవీలో గానీ యూట్యూబ్‌లో గానీ ముందు వరసే ఖాళీగా కనిపిస్తుంది.

ప్రశ్న: మా వాలీబాల్ క్లబ్ అయితే టికెట్టే తీసేద్దాం, చందాలతో నడుపుదాం అనుకుంటోంది. మంచిదేనా?
- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మధ్యాహ్నం స్కూల్ టీముల మ్యాచులకి ఫ్రీ పెట్టండి, రాత్రి మ్యాచులకి మాత్రం పది రూపాయలైనా టికెట్ ఉండాలి. డబ్బు కోసం కాదు, లెక్క కోసం. 2021 మార్చిలో సూర్యాపేటలో జూనియర్ నేషనల్ కబడ్డీ పోటీలప్పుడు తాత్కాలిక గ్యాలరీ కూలి వంద మందికి పైగా దెబ్బలు తగిలాయి. మనం వేసే గ్యాలరీలు కూడా కర్రలు, పైపులతో కట్టేవే కదా, ఎంతమంది ఎక్కారో తెలియకపోతే చాలా ప్రమాదం. ఇంజనీరుకి చూపించి ఎంతమందిని మోస్తుందో రాయించుకోండి, సరిగ్గా అన్నే టికెట్లు నంబర్లేసి ప్రింట్ చేయించండి, అవి అయిపోతే గేటు మూసేయండి. బయట మిగిలినవాళ్ల కోసం ఒక ఎల్‌ఈడీ స్క్రీన్ అద్దెకి తెస్తే ఇంకా మంచిది.