గార పళ్లకు క్యాపులా, వెనీర్లా?

తమ్ముడూ, నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చిన గారకు ఆరు ముందు పళ్లకూ క్యాపులు వేయమన్నారని రాశావు. తొందరపడకు. క్యాపుకు పన్నును చుట్టూరా 1 నుంచి 2 మిల్లీమీటర్లు అరగదీస్తారు. వెనీర్‌కు (పన్ను ముందువైపు అతికించే పలుచని పెంకు) ముందువైపు అర మిల్లీమీటరు చాలు. ఏదైనా, పోయిన ఎనామిల్ (పన్ను గట్టి పైపొర) మళ్లీ రాదు. గట్టి పళ్లను 22 ఏళ్లకే అంత చెక్కించడానికి నాకు మనసొప్పదు. ముందు మైక్రోఅబ్రేషన్ (మచ్చపడ్డ పైపొరను అతి పలుచగా రుద్ది తీయడం), బ్లీచింగ్‌తో మచ్చలు ఎంత తగ్గుతాయో చూడమను. అప్పటికీ మిగిలితేనే వెనీర్లు.

రూట్ కెనాల్ చేసి పెద్ద ఫిల్లింగ్ పెట్టారన్న ఆ ఒక్క పన్నుకు మాత్రం క్యాపే వేయించు, బలహీనపడిన పన్నును వెనీర్ కాపాడలేదు. ఇంకోటి, గార పట్టిన ఎనామిల్ మీద వెనీర్ అతికించడం కాస్త కష్టం, అలాంటి పళ్లకు చేసిన అనుభవముందా అని డాక్టర్ని అడుగు. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే దాచకుండా చెప్పు.