డాక్టరు రాసిచ్చిన నిద్రమాత్రలు వ్యసనంగా ఎలా మారతాయి?

చాలాసార్లు ఇంట్లోనే మొదలవుతుంది. నానమ్మకి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో రాసిచ్చిన, ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే ఆల్ప్రజోలం స్ట్రిప్పు ఫ్రిజ్ మీద డబ్బాలో పడి ఉంటుంది. పరీక్షల టెన్షన్‌లో మనవడు ఒకటి మింగుతాడు, హాయిగా నిద్ర పడుతుంది. కొన్ని వారాలకి ఆ ఒక్కటీ చాలదు. డబ్బా ఖాళీ అయ్యాక, ఏనాటిదో చీటీ పట్టుకుని తెలిసిన మెడికల్ షాపుకి వెళ్తాడు. "మన పిల్లాడేగా" అని ఇచ్చేసేవాళ్లూ ఉంటారు, అసలు చిక్కంతా అక్కడే.

రూల్స్ లేక కాదు. ఆల్ప్రజోలం, అలాగే నొప్పి మందు ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోవి. 2014 మార్చి నుంచి షాపువాళ్లు రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు దాచాలి. డాక్టరు ప్రత్యేకంగా రాయకపోతే ఒక చీటీకి ఒక్కసారే ఇవ్వాలి. 2018లో ట్రమడాల్‌ని మత్తుమందుల చట్టం కిందికీ తెచ్చారు.

వీటిని మద్యంతో కలిపితే ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చు. అలాగని రోజూ వాడే ఆల్ప్రజోలం ఒక్కసారిగా మానేసినా ఫిట్స్ రావచ్చు. డోసు మెల్లగా తగ్గించాలి, అదీ డాక్టరు చెప్పినట్టే. విశాఖలో అయితే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. అంతదూరం వెళ్లడానికి మొహమాటమైతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేమీ అడగరు.