వేమన పద్యాల యాప్‌ను ఎవరో కాపీ చేశారు: ఏ హక్కు కింద ఫిర్యాదు చేయాలి?

మీరు అడిగిన ప్రశ్న ఇది: అనంతపురం నుంచి మీరు ‘వేమన పద్యాలు’ అనే యాప్ విడుదల చేశారు. ఆ తరువాత మరొకరు అదే పేరు, అదే ఐకాన్, మీ తాత్పర్యాలు, మీ ఆడియోలు పెట్టుకొని ఇంకో యాప్ తెచ్చారు. వారిపై కాపీరైట్, ట్రేడ్‌మార్క్ రెండింటి కిందా ఫిర్యాదు చేయవచ్చా? నేను కడపలో శతక పద్యాల యాప్ ఒకటి నడుపుతున్నాను. ఇటువంటి ఫిర్యాదు చేసి నకలు యాప్‌ను తీయించాను కాబట్టి కొంత వివరంగానే రాస్తున్నాను.

పేరు విషయంలో మీ బలం తక్కువ. ‘వేమన పద్యాలు’ అంటే యాప్‌లో ఏముందో తెలుస్తుంది కానీ, దాన్ని ఎవరు చేశారో తెలియదు. సరుకు స్వభావాన్ని మాత్రమే తెలిపే ఇటువంటి పేర్లను 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలోని 9వ సెక్షన్ కింద సాధారణంగా తిరస్కరిస్తారు. మీరు సొంతంగా కల్పించిన పేరును ముందు పెట్టి, ‘వేమన పద్యాలు’ను దాని కింద వివరణగా ఉంచుకోవడం మేలు. ఆ కొత్త పేరు ఇంకెవరిదైనా అవుతుందేమో ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెదకవచ్చు. అక్షరాలు వేరైనా ఉచ్చారణ ఒకటిగా ఉండే పేర్లనూ చూడండి. రిజిస్ట్రీ సరుకులను, సేవలను క్లాసులుగా, అంటే వర్గాలుగా విభజిస్తుంది; యాప్‌లు 9వ క్లాసులోకి వస్తాయి. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు. మన రాష్ట్రం చెన్నై కార్యాలయం పరిధిలో ఉంది.

కాపీరైట్ విషయం వేరు, మీ బలమంతా అక్కడే ఉంది. అయితే ఏది మీదో ముందు విడదీసి చూసుకోవాలి. పద్యాలు ఎవరి సొత్తూ కావు. మా కడపలో పనిచేసిన బ్రౌన్ దొర 1829లోనే వాటిని అచ్చు వేయించారు. తాత్పర్యం సంగతి అలా కాదు. మన చట్టంలో రచయిత మరణించిన తరువాత కూడా 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది కాబట్టి, మీ తాత్పర్యాల్లో ఏవైనా ఈ మధ్యకాలపు పుస్తకం నుంచి దించినవైతే వాటిని ఫిర్యాదులో చేర్చకండి, యాప్‌లోంచి కూడా తీసేయండి. మీరు స్వయంగా రాసినవి మాత్రం రాసిన క్షణం నుంచే మీవి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఉంటే సాక్ష్యంగా పనికివస్తుంది.

నా విషయంలో తేల్చింది ఆడియోయే. మా యాప్‌కు పద్యాలు చదివినవారు రిటైరైన ఒక తెలుగు మాస్టారు గారు. ఒక పద్యంలో మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య ఆయన పుట తిప్పిన చప్పుడు సన్నగా వినిపిస్తుంది. నకలు యాప్‌లోనూ అదే చోట అదే చప్పుడు ఉంది. ఆ రెండు ముక్కలనూ, నా కంప్యూటర్‌లోని అసలు రికార్డింగుల తేదీలనూ ఫిర్యాదుకు జతచేశాను. గాత్రదానం చేసినవారికి కూడా చట్టంలో హక్కులున్నాయి కనుక, రికార్డింగుకు ముందే మాస్టారు గారి చేత అనుమతి పత్రంపై సంతకం చేయించుకున్నాను. మీ దగ్గర అటువంటి కాగితం లేకపోతే ఇప్పుడే తీసుకోండి.

ఐకాన్‌ను ఎవరితోనైనా గీయించారా? డబ్బు చెల్లించినంత మాత్రాన ఆ బొమ్మ మీ సొంతం కాదు. హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి. పత్రంలో కాలపరిమితి రాయకపోతే అది 5 ఏళ్లకే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. ప్లే స్టోర్‌లో యాప్ ప్రపంచమంతటా దొరుకుతుంది కాబట్టి ఈ రెండు విషయాలూ స్పష్టంగా రాయించుకోవాలి. ఇది చాలామంది పట్టించుకోని సంగతి.

ఇక గూగుల్‌కు పంపే కాపీరైట్ ఫారంలో మీ తాత్పర్యాలు, ఆడియో, ఐకాన్ మాత్రమే చూపండి. పద్యాలపైనా పేరుపైనా హక్కు అడిగితే ఫిర్యాదు బలహీనపడుతుంది. పంపే ముందే ఆ యాప్ లింకు, ప్యాకేజీ పేరు (ప్లే స్టోర్‌లో ఆ యాప్‌ను గుర్తించే ప్రత్యేక పేరు), స్క్రీన్‌షాట్లు, వీలైతే ఏపీకే ఫైలు (యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) భద్రపరచండి, ఎందుకంటే తీసేసిన తరువాత అవి దొరకవు. ఎదుటివారు మీ ఫిర్యాదు తప్పంటూ గూగుల్‌కు ప్రతినోటీసు ఇస్తే, గూగుల్ పాటించే అమెరికా చట్టం ప్రకారం, మీరు కోర్టుకు వెళ్లినట్లు చూపనిపక్షంలో 10 నుంచి 14 పనిదినాల్లో యాప్‌ను తిరిగి పెడతారు. కనుక ప్రతినోటీసు అందిన రోజే న్యాయవాదిని కలవండి. ఎదుటివారు ఏ ఊరివారైనా సరే, కాపీరైట్ చట్టంలోని 62వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే దావా వేయవచ్చు.